సగం తాగదగిన నీరు

ఏ రాష్ట్రం అని అడక్కండి. పేరు చెబితే అక్కడివాళ్లకు కోపం వస్తుంది, చెప్పకపోతే మిగతా రాష్ట్రాలన్నీ తమ గురించే అనుకుంటాయి. రెండో నష్టమే నయమని ఊరుకుంటున్నాను.

ఆ రాష్ట్ర శాసనసభలో నేను ఇరవై తొమ్మిదేళ్లు రిపోర్టరుగా పనిచేశాను. పేపరు రిపోర్టర్ని కాదు. సభాపతి కుర్చీకి సరిగ్గా కింద, బల్ల దగ్గర కూర్చుని సభ్యులు అన్న ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే రిపోర్టర్ని. తిట్లు కూడా రాయాలి. వాటిని తరవాత రికార్డుల నుంచి తొలగిస్తారు. ముందు రాస్తేనే కదా తొలగించడానికి ఏదో ఒకటి ఉండేది.

కొత్త సభ కొలువుదీరినప్పుడు అక్కడొక ఆనవాయితీ ఉంది. సభాపతిగా ఎన్నికైన పెద్దమనిషిని ముఖ్యమంత్రి ఒక చెయ్యి, ప్రతిపక్ష నాయకుడు ఒక చెయ్యి పట్టుకుని, పెళ్లికొడుకుని పీటల మీదికి తీసుకెళ్లినట్టు కుర్చీ దాకా తీసుకెళ్లి కూర్చోబెడతారు. ఆ తరవాత ఉపన్యాసాలు. ప్రతివాళ్లూ లేచి "మీరు త్రాసు లాంటివారు అధ్యక్షా, ఏ వైపూ మొగ్గకూడదు" అంటారు. నేను చెబుతున్న రోజున ముప్పై నాలుగు మంది మాట్లాడితే ముప్పై ఒక్కరు త్రాసు తెచ్చారు. ఇద్దరు హిమాలయాలు తెచ్చారు. మిగిలిన ఒకాయన అప్పుడే నిద్రలేచినందువల్ల, ముందాయన చెప్పినదాన్ని బలపరిచి కూర్చున్నాడు.

మామూలుగా సభాపతులు ఈ మాటలు విని, నవ్వి, నమస్కారం పెట్టి, ఆ సాయంత్రమే తమ పార్టీ ఆఫీసుకు వెళ్లి కాఫీ తాగుతారు. దక్షిణామూర్తి గారు అలాంటి మనిషి కాదు. పసుపులేటి దక్షిణామూర్తి గారు రాజకీయాల్లోకి రాకముందు ఇరవై రెండేళ్లు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఆయన జీపు బజారు మొదట్లో కనిపిస్తే చాలు, చివరి కొట్టు దాకా తూకంరాళ్లు మారిపోయేవట. అందరికీ ఉపన్యాసంలో వాడే మాటైన త్రాసు ఆయనకు మాత్రం ఉద్యోగం. ముప్పై ఒక్కసార్లు వినేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఈ సభ నాకు అప్పగించిన పని నాకు బాగా తెలిసిన పనే" అన్నారు గొంతు సవరించుకుని. సభ్యులు బల్లలు చరిచారు. అప్పటికి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు ఆయన బల్ల మీద రెండు స్టాప్‌వాచీలు వెలిశాయి. కుడివైపు అధికార పక్షానికి ఒకటి, ఎడమవైపు ప్రతిపక్షానికి ఒకటి. ఇటువైపు నాలుగు నిమిషాలు చూస్తే అటువైపూ నాలుగు నిమిషాలు చూసేవారు. మంత్రి జోకు వేస్తే, ఆయనకు నవ్వొచ్చి నవ్వేస్తే, ప్రతిపక్షానికి ఒక నవ్వు బాకీ పడేది. సాయంత్రంలోగా అటు ఎవరైనా లేచి కరువు గురించి మాట్లాడినా సరే, దక్షిణామూర్తి గారు ఆ నవ్వు నవ్వేసేవారు. మూడు వారాలకు ఆయన మెడ పట్టేసింది. డాక్టరు మెత్తటి పట్టీ వేసి తల తిప్పొద్దన్నాడు. అప్పటినుంచి ఆయన చూపు తిన్నగా ముందుకే ఉండేది. అక్కడ నేను కూర్చుని ఉండేవాణ్ని. ఒక రాష్ట్ర సభాపతి రోజుకు ఆరు గంటలు నన్నే చూస్తూ ఉంటే తుమ్మడానికి కూడా భయం వేసేది.

ఇంత పని ఒక్కరి వల్ల కాదు కనక 'సమతుల్య విభాగం' పుట్టింది. దానికి మా సభా కార్యదర్శి వింజమూరి ఆచార్యులు గారు పెద్ద. ఆచార్యులు గారు ఇంట్లో ఉప్పు అడిగినా సర్క్యులర్ భాషలోనే అడుగుతారని మా ఆఫీసులో చెప్పుకునేవాళ్లం.

"సభాపతి వారి నిష్పాక్షికతా సంకల్పమును శిరసావహించి, ఇకపై ఉభయ పక్షములకును సరఫరా చేయబడు మజ్జిగయందు కరివేపాకు రెబ్బల సంఖ్య సైతము సమానముగా నుండవలెనని ఇందుమూలముగా తెలియపరచడమైనది" అని ఆయన నాతో టైపు చేయించిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

పేపర్లు పొగిడాయి. పక్క రాష్ట్రాల నుంచి అధ్యయన బృందాలు వచ్చి, మజ్జిగ తాగి, నోట్సు రాసుకుని వెళ్లాయి.

ఇంతవరకూ అయితే ఎవరికీ నష్టం లేదు. కాని ఒకరోజు ప్రశ్నోత్తరాల సమయంలో రోడ్ల సంగతి వచ్చింది. ఫలానా రాష్ట్ర రహదారి మీద నాలుగు వందల గుంతలున్నాయని ప్రతిపక్ష సభ్యుడొకాయన అన్నాడు. ఒక్కటి కూడా లేదని మంత్రిగారు జవాబిచ్చారు. గొడవ అయింది. దక్షిణామూర్తి గారు రెండు నిమిషాలు కళ్లు మూసుకున్నారు.

"ఒకరి మాట నమ్మితే రెండోవారిని అవమానించినట్టవుతుంది. ఈ పీఠానికి ఇద్దరూ సమానమే" అని, రూలింగ్ ఇచ్చేశారు. "కాబట్టి గుంతలు రెండు వందలు."

సభాపతి రూలింగ్‌కు అప్పీలు లేదు. ఇంజినీర్లు వెళ్లి మొదటి రెండు వందల గుంతలు పూడ్చి, మిగతావి సభ దృష్టిలో లేనివి కనక వదిలేశారు.

ఇదేదో బాగుందని రెండు పక్షాలూ రెండు రోజుల్లోనే కనిపెట్టేశాయి. ప్రతిపక్షం వాళ్లు వెయ్యి కావాలంటే రెండు వేలు చెప్పడం మొదలుపెట్టారు. మంత్రులు సున్నా దగ్గర ఆగడం మానేశారు. మరో రోడ్డు మీద ఆరు వందల గుంతలున్నాయని ఒకాయన అంటే, "గుంతలు లేకపోగా ఆరు వందల చోట్ల రోడ్డు సమృద్ధిగా ఉబ్బి ఉంది అధ్యక్షా" అని మంత్రిగారు జవాబిచ్చారు. ఆ రోడ్డు నున్నగా ఉందని రూలింగ్ వచ్చింది. అంగట్లో చీర బేరం ఆడేవాళ్లకు కూడా ఇంతకంటే సిగ్గుంటుంది. అయినా సభ ప్రశాంతంగా నడిచింది. అరుపులు లేవు, వాకౌట్లు లేవు. నిజం ఏమిటో తేల్చుకునే పని లేకపోతే మనుషులు అంత హాయిగా కలిసి ఉండగలరని నాకు అప్పుడే తెలిసింది.

అలాంటి సభలోకి మేకల నర్సవ్వ వచ్చింది.

ఉప ఎన్నికలో ప్రతిపక్షం తరఫున గెలిచింది. అంతకుముందు తుమ్మలబండ అనే ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. పదహారేళ్లపాటు రోజూ పళ్లాలు లెక్కపెట్టిన మనిషి. ఒక పళ్లెం తగ్గితే ఏ పిల్ల రాలేదో, ఎందుకు రాలేదో చెప్పగలదు. ఆమె లేచి నిలబడ్డ మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. చేతిలో నోటుబుక్కు కాగితాలు ఉన్నాయి.

"మా ఊరి నల్లా నీళ్లు ఎర్రగస్తున్నయ్ అధ్యక్షా. వాసనొస్తున్నయ్. తాగిన పిల్లలకు వాంతులు, జ్వరం. నలభై ఒక్క మందిని పెద్దాస్పత్రిల ఏసినం. మాకు ఏటికాడి నుంచి కొత్త పైపు కావాలె."

పక్కనున్న వాళ్ల పార్టీ విప్ గంగాధర్ గారు ఆమె కొంగు లాగినంత పనిచేశాడు. "అక్కా, ఎనభై రెండు అను! ఎనభై రెండు!" అని గుసగుసలాడాడు. ఆ గుసగుస కూడా నేను రాసుకున్నాను.

"ఎందుకంటనే? ఉన్నది నలభై ఒక్కరే" అంది నర్సవ్వ, గుసగుస అలవాటు లేనందువల్ల సభంతా వినపడేలా. "పేర్లు రాసుకొచ్చిన. చదువుమంటే చదువుత."

నీటి సరఫరా మంత్రి లేచారు. ఆయన మర్యాదస్తుడు. ఉబ్బిన రోడ్ల దాకా పోలేదు, సున్నాతో సరిపెట్టారు. "తుమ్మలబండ గ్రామమందలి జలములు నూటికి నూరుపాళ్లు పరిశుద్ధములు అధ్యక్షా. ఒక్క శిశువు సైతము అస్వస్థతకు లోను కాలేదు. గౌరవ సభ్యురాలు చూసినది పిల్లల వేసవి అలసట కావచ్చును."

దక్షిణామూర్తి గారు కాగితం మీద లెక్క వేసుకున్నారు. బేసి సంఖ్య రావడం ఆయనకు అదే మొదటిసారి. ఆచార్యులు గారిని పిలిచి కాసేపు మాట్లాడి, రూలింగ్ చదివారు: "తుమ్మలబండ పిల్లలలో ఇరవై మంది పూర్తిగానూ, ఒకరు పాక్షికంగానూ అస్వస్థులు. నీరు సగం తాగదగినది."

నర్సవ్వ నిలబడే ఉంది. ఇంకేదో మిగిలి ఉంటుందనుకుంది పాపం. తరవాతి ప్రశ్న పిలిచారు.

మిగిలింది ఆ పైవారం ఊళ్లో బయటపడింది. రూలింగ్ కాపీకి మూడు శాఖల కవరింగ్ లెటర్లు అతుక్కుని కిందికి చేరాయి. సగం తాగదగిన నీరు కనక ఇంజినీరు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వదిలాడు. పెద్దాస్పత్రి సూపరింటెండెంటు ప్రభులింగం గారి పని ఇంకా కష్టమైంది. మంచాల మీద నలభై ఒక్కరున్నారు, సభ లెక్కలో ఇరవై ఒక్కరే. ఎవర్ని పంపాలి? వివక్ష చూపాడని రేపు మాట వస్తుంది. నర్సవ్వ సభలో దాఖలు చేసిన పేర్ల జాబితానే ముందు పెట్టుకుని ఒకటి, మూడు, అయిదు అని బేసి నంబర్ల పిల్లల్ని ఉంచి, సరి నంబర్ల వాళ్లని సంపూర్ణ ఆరోగ్యవంతులుగా ధ్రువీకరించి ఇంటికి పంపేశాడు. పదకొండు, పన్నెండు నంబర్లు కవలలు. ఒకడు రోగి, రెండోవాడు ఆరోగ్యవంతుడు. నలభై ఒకటో నంబరు పిల్ల పాక్షికం కనక ఆమెకు మధ్యాహ్నం దాకా మంచం, ఆ తరవాత వరండా.

ఆ ఉత్తర్వుల కాపీ నా బల్ల మీదికి వచ్చినప్పుడు నాకు నవ్వు రాలేదు. అప్పటిదాకా నేను రోజూ ఇంటికి వెళ్లి మా ఆవిడకు సభ ముచ్చట్లు చెప్పి నవ్వించేవాణ్ని. గుంతలకు నవ్వాం, మజ్జిగకు నవ్వాం. ఆ పేర్లన్నీ టైపు చేసింది నేనే. వరస నంబర్లు వేసింది కూడా నేనే, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. సిగ్గేసింది.

నర్సవ్వ నాలుగు రోజులు ఊళ్లోనే ఉండి, ఇంటికి పంపేసిన ఇరవై మందినీ బడి వంటగదిలో పడుకోబెట్టి, కాచిన నీళ్లు తాగిస్తూ, ఒక చేత్తో ఫోన్లు చేస్తూ తీర్మానం నోటీసు ఇచ్చింది. పిల్లలందర్నీ మళ్లీ ఆస్పత్రిలో చేర్చుకోవాలి, ఊరికి కొత్త పైపు వేయాలి. అంతే, రెండు వాక్యాలు. ఆచార్యులు గారు దాన్ని పదకొండు వాక్యాలు చేసి అజెండాలో పెట్టారు.

ఓటింగు జరిగింది. ప్రభుత్వానికి ఉన్న మెజారిటీ పల్చనిది. పైగా అధికార పక్షంలో ఒకాయన అత్తగారి ఊరు అదే పైపు మీద ఉంది. ఆయన తల దించుకుని, చెయ్యి మాత్రం నర్సవ్వ వైపు ఎత్తాడు. తీర్మానానికి అనుకూలం యాభై తొమ్మిది, వ్యతిరేకం యాభై తొమ్మిది.

ఓట్లు సమానంగా వచ్చినప్పుడు సభాపతి తన ఓటు వేసి తేల్చాలి. నియమావళి అంతే చెబుతుంది. జీవితంలో ఏ వైపూ మొగ్గనని ప్రమాణం చేసుకున్న మనిషి ఇప్పుడు అందరి ముందూ మొగ్గాలి.

దక్షిణామూర్తి గారు ముందు కుడి చెయ్యి ఎత్తి, దించి, ఎడమ చెయ్యి ఎత్తి, దించారు. తరవాత రెండూ ఎత్తారు. మార్షల్ కంగారుపడి ఎవరో తుపాకీ గురిపెట్టారేమోనని వెనక్కి చూశాడు.

"ఉభయ హస్తములును ఏకకాలమున ఎత్తుటకు పూర్వ నిదర్శనము లేదు మహాశయా" అని ఆచార్యులు గారు కింది నుంచి నెమ్మదిగా మనవి చేసుకున్నారు. "అయితే ఓటును అర్ధభాగములుగా విభజించుటకు నియమావళి యందు స్పష్టమైన నిషేధము కూడా లేదు."

దక్షిణామూర్తి గారి ముఖం వెలిగింది. "చెరి సగం" అనబోయారు. నేను పెన్సిలు పట్టుకునే ఉన్నాను.

"సారూ, ఒక్క మాట" అంది నర్సవ్వ. అధ్యక్షా అనాలని కూడా మరిచిపోయింది. "మీరు కాంటాలు చూసే ఇన్‌స్పెక్టరు చేసిండ్రట కదా?"

"చేశానమ్మా. ఇరవై రెండేళ్లు."

"కోమటాయన కిలో అని కట్టిచ్చిండు. కొన్నామె ఇంటికి పోయి చూసుకుంటే ఎనిమిది వందల గ్రాములే ఉన్నది. ఇద్దరూ మీ ముంగటికొచ్చి కొట్లాడుతున్నరు. తొమ్మిది వందలని రాసి పంపిచ్చెటోళ్లా?"

"అదెలా కుదురుతుంది?" దక్షిణామూర్తి గారికి నిజంగానే కోపం వచ్చింది. మెడ పట్టీ ఎర్రబడ్డట్టు అనిపించింది. "ఆ పొట్లం లాక్కుని కాంటాలో వేసేవాణ్ని. వాళ్లూ వీళ్లూ చెప్పింది ఎవడిక్కావాలి? తక్కువుంటే కొట్టువాడి మీద అక్కడికక్కడే కేసు."

"మరి మా ఊరి నీళ్లు ఏ కాంటాల ఏసిండ్రు సారూ?"

అప్పటిదాకా ఎటూ తిరగని ఆయన మెడ, పట్టీతో సహా, బాధకు మూలుగుతూ నర్సవ్వ వైపు తిరిగింది.

"వెయ్యలేదమ్మా" అన్నారు. "నీళ్లు పరీక్షకు పంపాల్సింది. పంపలేదు. ఇద్దరి మాటలూ కూడి రెండుతో భాగించాను. ఈ పని నా కిందివాడెవడైనా చేసి ఉంటే సస్పెండ్ చేసేవాణ్ని." కుడి చెయ్యి ఎత్తారు. "తీర్మానానికి నా ఓటు. నెగ్గింది."

నర్సవ్వ ఏడ్చింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. అది మాత్రం రాసుకోలేదు.

తరవాత జరిగింది మా రాష్ట్ర చరిత్రలో ముందూ లేదు, వెనకా లేదు. అరగంటలో రెండు పక్షాల నాయకులూ ఒకే గదిలో కూర్చున్నారు. గుంతల్ని, బళ్లని, ఆస్పత్రుల్ని, ఎండిన చేలని సగాలుగా పంచుకుని ప్రశాంతంగా బతుకుతున్నవాళ్లు. ఇకమీద ఈయన ప్రతిదీ కాంటాలో వేస్తానంటే ఎవరి గతి ఏమిటి? సభాపతి మీద అవిశ్వాస తీర్మానానికి పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసు ఉండాలి. ఉభయ పక్షాలూ ఏకాభిప్రాయంతో ఆ నియమాన్ని ఒక్కరోజుకు కుదించాయి. 'పక్షపాత ధోరణి' అని కారణం రాశారు. మర్నాడు పదకొండు గంటలకు చర్చ.

దక్షిణామూర్తి గారు నన్ను తన గదికి పిలిచారు. "రేపు పదకొండు దాకా నా సంతకం చెల్లుతుంది కదా?" అని అడిగారు. చెల్లుతుందన్నాను. ఆస్పత్రికి ఉత్తర్వు చెప్పారు, నేను టైపు చేశాను. తుమ్మలబండ పిల్లలు నలభై ఒక్కమంది. అందరూ రోగులే. అందరికీ పూర్తి మంచం. ఈసారి పేర్లకు నంబర్లు వేయలేదు. ఆ కాగితం పట్టుకుని నర్సవ్వ జీపెక్కింది. మర్నాడు తొమ్మిదిన్నరకు పిల్లలందరూ మంచాల మీదున్నారని ఫోను వచ్చింది. పదకొండుంబావుకి దక్షిణామూర్తి గారు మాజీ సభాపతి అయ్యారు. తీర్మానాన్ని వ్యతిరేకించింది ఇద్దరే. ఒకరు నర్సవ్వ, రెండోవారు ఆ అత్తగారి ఊరాయన.

కొత్త సభాపతి ముందుకు ఆ ఉత్తర్వు ఫైలు వచ్చింది. "మంచములు ఖాళీ చేయించవలెనన్నచో తాజా రూలింగ్ అవసరము" అని ప్రభులింగం గారు రాశారు. ఒకసారి కాలిన మనిషి, మళ్లీ ఎవర్ని ఉంచాలో ఎవర్ని పంపాలో తేల్చే పని ఆయనకు వద్దు. పిల్లలెవరికీ జబ్బు లేదని మంత్రిగారన్నారు. నూట ఇరవై మంది ప్రాణాపాయంలో ఉన్నారని విప్ గంగాధర్ గారన్నారు. కొత్త సభాపతి జాగ్రత్తపరుడు. రూలింగ్ రిజర్వు చేసి, ఫైలు పక్కన పెట్టారు. ప్రభుత్వంలో ఫైలు కదలకపోవడం వల్ల మనుషులు బతకడం నేను అప్పుడే చూశాను. ఆ ఫైలు పక్కనున్న పన్నెండు రోజుల్లో మందులు పడి, మంచి నీళ్లు తాగి, నలభై ఒక్కమందీ కోలుకున్నారు.

ఆ తరవాతి ఆదివారం దక్షిణామూర్తి గారూ నేనూ బస్సులో పెద్దాస్పత్రికి వెళ్లాం. ఆయన సంచీలో బిస్కట్ పొట్లాలు. వార్డులో రోగి అన్నవాడు ఒక్కడూ కనపడలేదు. కవలలిద్దరూ సెలైన్ స్టాండు పట్టుకుని దొంగా పోలీసూ ఆడుతున్నారు. నలభై ఒకటో పిల్ల మంచం మీద ఎగురుతూ ఉంటే డ్యూటీ నర్సు కిందికి దిగమని బతిమాలుతోంది. ప్రభులింగం గారు తల పట్టుకుని వరండాలో కూర్చున్నారు. నర్సవ్వ ఒక మూల ఇటుకల పొయ్యి మీద కుండలో నీళ్లు కాస్తోంది.

అప్పుడే నీటి సరఫరా మంత్రిగారి ఫోను వచ్చింది. నర్సవ్వ చేతులు ఖాళీ లేక స్పీకరు ఆన్ చేసి బల్ల మీద పెట్టింది. ఆయన గొంతులో పండగ.

"నర్సవ్వమ్మా, పిల్లలందరూ ఆరోగ్యంగా ఉన్నారట! నేను మొదటినుంచీ సభలో మొత్తుకుంటున్నది అదే కదా. ఇక వాళ్లని సగౌరవంగా ఇళ్లకు పంపేయండి. నేనే స్వయంగా వచ్చి పండ్లు పంచుతాను."

"పైపు వేసిండ్రా సారూ?"

"పైపు విషయం ఉభయ పక్షాలతో చర్చించాల్సి ఉంది. దూరం ముప్పై కిలోమీటర్లని మేము, అరవై అని మీవాళ్లు అంటున్నారు. అది తేలాలి. కాని పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని మీరే ఒప్పుకుంటున్నారుగా! మరి ఇంకా ఆస్పత్రిలో ఎందుకమ్మా?"

నర్సవ్వ కుండలో నీళ్లు మరిగాయో లేదో వంగి చూసుకుంది.

"ఆరోగ్యంగనే ఉన్నరు సారూ" అంది. "అందుకే ఊరికి పంపిస్తలేను."